చక్రాల ఇంటికి సౌర విద్యుత్తు

తెలుగు పాఠకులకు కారవాన్ అనే మాట సినిమా వార్తల ద్వారా పరిచయమైనది. షూటింగు జరిగే చోట నటీనటుల విశ్రాంతి కోసం నిలిపే ఆ వాహనంలో పడక, అద్దం, స్నానాల గది, ఏసీ అన్నీ ఉంటాయి గాని, వాటిని నడిపే కరెంటు మాత్రం చాలావరకు డీజిల్ జనరేటరు నుంచే వస్తుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలోనూ ఐరోపా దేశాలలోనూ ఇదే కోవకు చెందిన వాహనం మధ్యతరగతి కుటుంబాల విహారానికి, విశ్రాంత దంపతుల దీర్ఘ ప్రయాణాలకు, కొందరికైతే శాశ్వత నివాసానికి కూడా ఉపయోగపడుతోంది. ఇంజనూ ఇల్లూ ఒకే చట్రం మీద అమరిన ఈ వాహనాన్ని మోటార్‌హోమ్ అంటారు. అమెరికా వాడుకలో అది ఆర్‌వీ. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవి సెలవులలో దీనిని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ వంటి చోట్లకు వెళ్లి రావడం కూడా కద్దు. పాత మోటార్‌హోమ్‌ల యజమానులు కొన్నేళ్లుగా చేయించుకుంటున్న మార్పులలో ప్రధానమైనది పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లను, లోపల సీసపు బ్యాటరీల స్థానంలో లిథియం బ్యాటరీలను అమర్చుకోవడం. చూడడానికి ఒక పెట్టె తీసి మరొక పెట్టె పెట్టినంత సులువుగా కనిపించినా, ఇది వాహనంలోని విద్యుత్ వ్యవస్థ మొత్తాన్ని మళ్లీ లెక్కకట్టవలసిన పని; ఆ లెక్క తప్పినప్పుడు డబ్బు వృథా కావడంతో పాటు అగ్నిప్రమాదానికి కూడా ఆస్కారం ఉంటుంది.

మోటార్‌హోమ్‌లో రెండు వేర్వేరు బ్యాటరీ ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి ఇంజనును స్టార్టు చేసేది. రెండవది ఇంటి భాగంలోని దీపాలకు, నీటి పంపుకు, ఫ్యానుకు, చలికాలంలో వేడిగాలిని తోలే యంత్రానికి కరెంటు ఇచ్చేది. ఇంటి బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, అంటే ఒకే దిశలో ప్రవహించేది. వసతులున్న పార్కుకు చేరి అక్కడి స్తంభం నుంచి తీగ తగిలించుకుంటే అమెరికాలో 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, అంటే దిశ మార్చుకుంటూ ప్రవహించేది, అందుతుంది కనుక బ్యాటరీ సంగతి ఎవరూ తలచుకోరు. చిక్కు అడవిలోనో ఎడారిలోనో ఆగినప్పుడు వస్తుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థ కింద ఉన్న విశాలమైన బయళ్లలో సాధారణంగా 28 రోజుల వ్యవధిలో 14 రోజులు ఒకచోట విడిది చేయవచ్చు. ఆరిజోనాలోని క్వార్ట్‌సైట్ సమీపాన లా పోసా వంటి ప్రత్యేక ప్రాంతాలలో అనుమతి రుసుము చెల్లించి సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండిపోవచ్చు. క్వార్ట్‌సైట్ ఊరి జనాభా మూడు వేలకు లోపే అయినా, చలికాలం వచ్చేసరికి ఉత్తరాది నుంచి దిగివచ్చే మోటార్‌హోమ్‌లతో ఆ ఎడారి నిండిపోతుంది. వారిలో చాలామంది ఆగే చోట కరెంటు స్తంభం ఉండదు. జనరేటరు వేసుకోవచ్చు గాని, దాని మోత ఇరుగుపొరుగును బాధిస్తుంది, ఇంధనం ఖర్చవుతుంది, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు నిద్రలో ఉన్నవారి ప్రాణాలకే ముప్పు కావచ్చు. యోసెమిటీ వంటి జాతీయ ఉద్యానవనాల విడిది స్థలాలలోనైతే రోజులో నిర్ణయించిన కొద్ది గంటలు మాత్రమే దానిని నడపనిస్తారు.

పాత వాహనాలలో ఉండేది సీసపు బ్యాటరీ. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఈ బ్యాటరీయే నేటికీ తెలుగు ఇళ్లలో ఇన్వర్టరు కింద డిస్టిల్డ్ వాటర్ పోయించుకుంటూ పనిచేస్తోంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉన్న సీసపు పలకలు కరెంటు ఇచ్చేటప్పుడు సీసం సల్ఫేటుగా మారుతాయి, చార్జింగులో తిరిగి మొదటి స్థితికి వస్తాయి. పూర్తిగా చార్జి కాకుండా చాలా రోజులు ఉండిపోతే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుని మళ్లీ కరగదు, బ్యాటరీ సామర్థ్యం క్రమంగా తరిగిపోతుంది. అందుకే సగానికి మించి వాడకూడదని, వాడిన తరువాత నూటికి నూరు పాళ్లూ నింపాలని నియమం పెట్టుకుంటారు. అయితే చివరి ఇరవై శాతం నింపడానికి సీసపు బ్యాటరీ గంటల కొద్దీ సమయం తీసుకుంటుంది, ఎందుకంటే నిండే కొద్దీ అది తీసుకునే కరెంటు తగ్గిపోతుంది. ఉదయం ఎండ పుంజుకునే దాకా ఆగి, సాయంత్రం వాలిపోయే లోపల ఈ నింపుడు పూర్తి చేయాలంటే చలికాలపు పగలు చాలదు. కాబట్టి సౌర విద్యుత్తు మీద ఆధారపడిన వాహనంలో సీసపు బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండక, రెండు మూడేళ్లకే దెబ్బతింటుంది. బరువుకంటే, ధరకంటే సౌర విద్యుత్తుతో పొత్తు కుదరకపోవడమే దానిని మార్చడానికి అసలు కారణమని చెప్పాలి. దీనికి తోడు, ఎక్కువ కరెంటును ఒక్కసారిగా లాగినకొద్దీ సీసపు బ్యాటరీ ఇవ్వగలిగిన మొత్తం శక్తి తగ్గుతుందని 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ చూపించాడు. మైక్రోవేవ్ పొయ్యి వంటివి నడిపినప్పుడు ఈ లోపం స్పష్టంగా బయటపడుతుంది.

లిథియం బ్యాటరీ అంటే ఫోన్లలో మంటలు రేగిన వార్తలు గుర్తుకు వచ్చి చాలామంది వెనుకాడతారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే గాని, లిథియం బ్యాటరీలన్నీ ఒకటే రకం కావు. 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన తొలి లిథియం అయాన్ బ్యాటరీలో ధనధ్రువం కోబాల్టు ఆక్సైడుతో చేసినది. అది అతిగా వేడెక్కితే తనలోని ఆక్సిజనును విడుదల చేసి మంటకు తానే ఊపిరి పోస్తుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం ఇనుము, ఫాస్ఫేటు కలిసిన మరొక ధనధ్రువ పదార్థాన్ని వెలుగులోకి తెచ్చింది. 1997లో వెలువడిన ఆ పరిశోధన పత్రంలో గుడినఫ్‌తో పాటు అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయ పేర్లు ఉన్నాయన్నది మనవాళ్లు గర్వంగా గుర్తుంచుకోదగిన విషయం. గుడినఫ్‌కు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది, అప్పటికి ఆయన వయస్సు 97 ఏళ్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అని పిలిచే ఈ పదార్థంలో ఫాస్ఫరసు, ఆక్సిజను పరమాణువుల బంధం చాలా గట్టిది కనుక వేడెక్కినా ఆక్సిజను తేలికగా బయటపడదు. మోటార్‌హోమ్‌లకు వాడేది ఈ రకమే, వాడవలసినదీ ఈ రకమే. ఇది ఒక్కో సెల్లుకు 3.2 వోల్టులు ఇస్తుంది. నాలుగు సెల్లులను వరుసగా కలిపితే 12.8 వోల్టులు వస్తాయి కాబట్టి పాత 12 వోల్టుల పరికరాలు మార్చకుండానే పనిచేస్తాయి.

సామర్థ్యాన్ని ఆంపియర్-అవర్లలో చెబుతారు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే పది ఆంపియర్ల కరెంటును పది గంటల సేపు ఇవ్వగలిగినదని అర్థం. దానిని వోల్టులతో హెచ్చిస్తే వాట్-అవర్లు వస్తాయి. వెయ్యి వాట్-అవర్లు కలిస్తే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్. ఆ లెక్కన 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1.28 యూనిట్లు ఉంటాయి, అందులో దాదాపు అంతా వాడుకోవచ్చు. అదే పరిమాణపు సీసపు బ్యాటరీలో సగమే, అంటే 0.6 యూనిట్ మాత్రమే పనికి వస్తుంది. సీసపుది 30 కిలోల దాకా తూగితే లిథియంది 11 నుంచి 13 కిలోలు తూగుతుంది. సగం దాకా వాడి నింపే పద్ధతిలో సీసపు బ్యాటరీ కొన్ని వందల సార్లు పనిచేస్తే, లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ఎనభై శాతం దాకా వాడినా రెండు వేల నుంచి ఐదు వేల సార్ల వరకు నిలుస్తుంది. మొదటి ధర ఎక్కువైనా ఆయుర్దాయాన్ని కలుపుకుని చూస్తే లిథియమే చౌక. అయితే ఏడాదికి పది రోజులు మాత్రమే, అదీ కరెంటు ఉన్న పార్కులలోనే గడిపే కుటుంబానికి ఈ మార్పు అవసరం లేదు. ఉన్న బ్యాటరీని సరిగా చూసుకుంటే చాలు.

మార్పు చేయదలచినవారు ముందుగా చేయవలసినది ఏ వస్తువు ఎంత వాడుతుందో లెక్క వేయడం. చాలామంది ప్యానెళ్ల ధరలు చూడడంతో ప్రారంభిస్తారు గాని, అది చివరన తేల్చుకోవలసిన విషయం. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు సుమారు అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ వరకు తీసుకుంటుంది. రెండు లాప్‌టాప్‌లు, ఇంటర్నెట్ పరికరం కలిసి మరొక ముప్పావు యూనిట్ కావచ్చు. వేడిగాలి యంత్రంలోని ఫ్యాను ఏడు ఆంపియర్ల చొప్పున నాలుగు గంటలు తిరిగితే మూడోవంతు యూనిట్. దీపాలు, పంపు, గ్యాస్ లీకును పసిగట్టే సాధనాలు కలిపితే ఇంకొంత. ఈ విధంగా మొత్తం రెండు యూనిట్లకు చేరిన కుటుంబం ఒకటి రెండు రోజులు మబ్బు పట్టినా ఇబ్బంది పడకుండా ఉండాలనుకుంటే 300 ఆంపియర్-అవర్లు, అంటే 3.8 యూనిట్ల లిథియం నిల్వ సబబుగా ఉంటుంది.

ఇక ఆ రెండు యూనిట్లను రోజూ తిరిగి నింపవలసిన బాధ్యత సూర్యుడిది. సిలికాన్ సౌర సెల్‌ను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు ప్రకటించినప్పుడు అది తన మీద పడిన ఎండలో ఆరు శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. నేడు పైకప్పులకు ఎక్కుతున్న ప్యానెళ్లు ఇరవై శాతం దాటి మారుస్తున్నాయి. ప్యానెల్ మీద 100 వాట్లని రాసి ఉంటే, అది ప్రయోగశాలలో సెల్లు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండగా, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు నేరుగా పడినప్పటి సంఖ్య. పైకప్పు మీద అది ఏడాదిలో ఏ కొద్దిసేపో తప్ప నిజం కాదు. ఎండ వేడికి సెల్లు 65 డిగ్రీలకు చేరితే, ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం దిగుబడి పోతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు పెరుగుతుందేమో గాని, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. అందువల్లనే ప్యానెల్ కింద గాలి ఆడేందుకు కొన్ని సెంటీమీటర్ల ఖాళీ వదిలి బిగిస్తారు. పైకప్పుకు నేరుగా అతికించే పలుచని, వంగే రకం ప్యానెళ్లు తేలికగా ఉన్నా ఈ ఖాళీ లేక ఎక్కువ వేడెక్కి త్వరగా పాడవుతాయి.

అన్నిటికంటే ఎక్కువగా దిగుబడిని నిర్ణయించేది సూర్యుడి ఎత్తు. క్వార్ట్‌సైట్ సుమారు 33.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు క్షితిజం నుంచి 33 డిగ్రీల ఎత్తునే ఉంటాడు కనుక, పైకప్పు మీద బల్లపరుపుగా పడుకున్న ప్యానెల్‌కు నేరుగా పడే ఎండలో సగానికి కాస్త పైన మాత్రమే దక్కుతుంది. దీనితో పోలిస్తే జూన్‌లో అక్కడి సూర్యుడు దాదాపు నడినెత్తికి, 80 డిగ్రీల దాకా ఎక్కుతాడు. 600 వాట్ల ప్యానెళ్లు వేసవిలో రోజుకు మూడు యూనిట్లకు దగ్గరగా ఇచ్చినా, చలికాలంలో ఒకటిన్నరకు మించడం కష్టం. పైన చెప్పిన కుటుంబం చలికాలాన్ని ఎడారిలో గడపదలచుకుంటే 800 వాట్లయినా వేసుకోవాలి, లేదా ప్యానెళ్లను ఒక వైపు ఎత్తి సూర్యుడికి ఎదురుగా నిలిపే కాళ్లు అమర్చుకోవాలి.

నీడ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ప్యానెల్‌లోని సెల్లులన్నీ వరుసగా కలిసి ఉంటాయి కాబట్టి పైకప్పు మీది ఏసీ పెట్టె నీడో, యాంటెన్నా నీడో కొన్ని సెల్లుల మీద పడినా ప్రవాహం అక్కడ అడ్డుకుని మిగతా వాటి దిగుబడి కూడా పడిపోతుంది. ప్యానెళ్లను వరుసగా కలపాలా, సమాంతరంగా కలపాలా అనేది ఈ నీడలను చూసి నిర్ణయించుకోవాలి. ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య చార్జి కంట్రోలర్ అనే సాధనం ఉంటుంది. చవక రకం కంట్రోలర్ ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీ స్థాయికి గుంజేసి మిగిలినది వృథా చేస్తుంది. ఎంపీపీటీ అనే రకం ప్యానెల్‌ను దాని గరిష్ఠ దిగుబడి బిందువు దగ్గర నడుపుతూ, ఎక్కువ వోల్టేజీని ఎక్కువ కరెంటుగా మార్చి బ్యాటరీకి అందిస్తుంది. ప్యానెళ్లు కొంత పెద్దవైనప్పుడు ఈ రెండవ రకానికి పెట్టే డబ్బు వృథా కాదు.

బండి నడుస్తున్నప్పుడు ఇంజనుకు అమరిన ఆల్టర్నేటర్, మెకానిక్కుల మాటలో డైనమో, ఇంటి బ్యాటరీని కూడా నింపుతుంది. సీసపు బ్యాటరీ దాని నుంచి కొద్ది కొద్దిగా కరెంటు తీసుకునేది. లిథియం బ్యాటరీ అంతర్గత నిరోధం చాలా తక్కువ కావడంతో ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది. బండి ఆగి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్‌ను చల్లబరిచే గాలి కూడా తక్కువే కాబట్టి అది మితిమీరి వేడెక్కి కాలిపోవచ్చు. పాత తీగలను అలాగే ఉంచి లిథియం పెట్టించుకున్నవారికి ఎదురయ్యే ఖరీదైన నష్టం ఇదే. దీనికి మందు డీసీ-డీసీ చార్జర్ అనే పరికరం. అది ఆల్టర్నేటర్ నుంచి తీసుకునే కరెంటును 30 లేదా 40 ఆంపియర్లకు కట్టడి చేసి, లిథియానికి తగిన వోల్టేజీకి పెంచి అందిస్తుంది. 40 ఆంపియర్ల చార్జర్‌తో రెండు గంటలు ప్రయాణిస్తే ఒక యూనిట్ చేరుతుంది. మబ్బు రోజులలో దీని విలువ ప్యానెళ్లకంటే ఎక్కువ. పార్కులోని స్తంభం నుంచి చార్జి చేసే పాత కన్వర్టర్ కూడా సాధారణంగా 13.6 వోల్టులకే ఆగిపోతుంది గనుక, 14.2 నుంచి 14.6 వోల్టుల వరకు ఇవ్వగలిగినదానితో దానిని మార్చుకోవాలి.

లిథియం బ్యాటరీకి చలి పెద్ద శత్రువు. సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లిథియం అయాన్లు ఋణధ్రువంలోని గ్రాఫైటు పొరల లోపలికి దూరలేక పైననే లోహంగా పేరుకుంటాయి. ఆ నష్టం శాశ్వతం. బీఎంఎస్ అని పిలిచే లోపలి నియంత్రణ వలయం ప్రతి సెల్లు వోల్టేజీని, ఉష్ణోగ్రతను గమనిస్తూ అటువంటి వేళ చార్జింగును ఆపివేస్తుంది, అయితే చవక బ్యాటరీలు కొన్నింటిలో ఈ చలి రక్షణ ఉండదు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. సీసపు బ్యాటరీ చార్జింగులో హైడ్రోజను వెలువడుతుంది గనుక దానిని గాలి ఆడే బయటి అరలో ఉంచేవారు. లిథియం ఐరన్ ఫాస్ఫేటుకు ఆ అవసరం లేదు కనుక మంచం కిందనో బల్ల కిందనో, మనుషులతో పాటు వెచ్చగా ఉండే చోటికి దానిని మార్చవచ్చు. చలి ప్రాంతాలకు వెళ్లేవారికి ఈ చోటు మార్పు వేడిచేసే ప్రత్యేక బ్యాటరీకంటే చవకైన పరిష్కారం.

అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పొందేవి, అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ కోరేవి తీగలూ ఫ్యూజులూ. 12 వోల్టుల విద్యుత్తును 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టర్ 2000 వాట్లు ఇవ్వాలంటే, వృథాను కూడా కలుపుకుని బ్యాటరీ నుంచి దాదాపు 190 ఆంపియర్లు లాగుతుంది. తెలుగు ఇళ్లలో ప్లగ్గులకు వేసే తీగ మామూలుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యం గలది. ఇక్కడ కావలసినది దాదాపు 67 చదరపు మిల్లీమీటర్ల కేబుల్. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి సన్నని తీగో, వదులుగా బిగించిన నట్టో నిప్పుకు కారణమవుతుంది. వ్యవస్థను 24 వోల్టులకు మారిస్తే అదే పనికి కరెంటు సగమవుతుంది, అదే తీగలో వేడి నాలుగో వంతుకు తగ్గుతుంది. పెద్ద వాహనాలలో ఇది ఆలోచించదగిన మార్గం. ఇక లిథియం బ్యాటరీ ధన, ఋణ తీగలు పొరపాటున తగిలితే వేల ఆంపియర్లు ఒక్క క్షణంలో ప్రవహిస్తాయి. మామూలు ఫ్యూజు కరిగిన తరువాత కూడా ఆ ప్రవాహం మంట వారధిగా కొనసాగవచ్చు. అందుకే అంతటి ప్రవాహాన్నైనా తెంచగలిగిన క్లాస్-టీ అనే రకపు ఫ్యూజును బ్యాటరీ ధనధ్రువానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. బ్యాటరీ మీద వేలకు వేలు ఖర్చుచేసి ఫ్యూజు దగ్గర పొదుపు చేయడం క్షమించరాని పని.

బ్యాటరీలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి పాత పద్ధతిలో వోల్టుమీటరును చూస్తే లిథియం విషయంలో మోసపోతారు, ఎందుకంటే దాని వోల్టేజీ ఎనభై శాతం దగ్గరా నలభై శాతం దగ్గరా దాదాపు ఒకేలా ఉండి, చివరన ఒక్కసారిగా పడిపోతుంది. ఋణధ్రువపు తీగలో షంట్ అనే కొలత నిరోధాన్ని అమర్చి, లోపలికి పోయిన, బయటికి వచ్చిన ప్రతి ఆంపియరునూ లెక్కించే మీటరు పెట్టుకోవడమే సరైన దారి. నిజానికి మిగతావన్నీ కొనకముందే ఈ మీటరును పాత బ్యాటరీకే తగిలించి కొన్ని రోజులు గమనిస్తే, ఆ కుటుంబం రోజుకు ఎన్ని యూనిట్లు వాడుతుందో ఊహలతో పని లేకుండా తేలిపోతుంది.

ఈ ఏర్పాటు తీర్చలేని కోరిక ఒకటుంది, అది ఏసీ. మోటార్‌హోమ్ పైకప్పు మీది ఏసీ మన లెక్కలో టన్నుకు కాస్త పైబడినది, నడుస్తున్నంతసేపూ 1300 నుంచి 1500 వాట్లు తీసుకుంటుంది. 400 ఆంపియర్-అవర్ల లిథియం నిల్వ, అంటే ఐదు యూనిట్ల పైన ఉన్నా, కంప్రెసర్ ఆగకుండా తిరిగితే మూడు గంటల పైచిలుకులో ఖాళీ అవుతుంది. రాత్రంతా నడపాలంటే అంతకు రెట్టింపు నిల్వ, దానిని నింపడానికి సాధారణ పైకప్పు మోయలేనన్ని ప్యానెళ్లు కావాలి. అందుకే అమెరికాలోని సంచారులు ఎండాకాలంలో ఉత్తరానికో కొండల మీదికో తరలిపోతారు గాని ఎడారిలో ఏసీ వేసుకుని కూర్చోరు. హైదరాబాదు మే నెల ఎండలో నిలిచే సినిమా కారవాన్‌లు జనరేటరును వదులుకోలేకపోవడానికి కూడా ఈ లెక్కే కారణం. 2021లో కేరళ ప్రకటించిన కారవాన్ పర్యాటకం వంటి ప్రయత్నాలు తెలుగు నేల మీద విస్తరిస్తే, ముందుగా చల్లని కొండ ప్రాంతాలకు, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య నెలలకు సౌర విద్యుత్తు చక్కగా సరిపోతుంది. అక్షాంశం తక్కువ కావడం ఇక్కడ కలిసివచ్చే అంశం: డిసెంబరులో హైదరాబాదు మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు కనుక బల్లపరుపు ప్యానెల్‌కు నేరుగా పడే ఎండలో నాలుగింట మూడు వంతులు దక్కుతుంది, ఆరిజోనాకంటే ఇది ఎంతో మెరుగు. తిరుపతి దగ్గరి కరకంబాడిలో సీసపు బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ 2023లో తన పేరునే ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుని, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారాన్ని చేపట్టింది కాబట్టి, ఈ బ్యాటరీలకు కావలసిన సెల్లుల కోసం ఎల్లకాలం చైనా వైపే చూడవలసిన అవసరం ఉండకపోవచ్చు.